పాటలు స్ట్రీమింగ్‌లో వినడానికి మొదటి రిసీవర్ ఏది తీసుకోవాలి? వైజాగ్‌లో నా అనుభవం

మీరు అడిగింది ఇదీ కదండి: ఎంవీపీ కాలనీలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, హాల్లో పెట్టుకోవాలి, స్పీకర్లతో కలిపి 60 వేలలో అయిపోవాలి, వినేదంతా ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్, జియోసావన్, నాన్నగారికి పాత పాటలూ రేడియో కూడా కావాలి, షాపులో మాత్రం 5.1 రిసీవర్ (అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ నడిపే హోమ్ థియేటర్ సెట్టు) తీసుకోమంటున్నారు, తీసేసుకోనా అని.

వద్దండి. మీరు చెప్పిన వాడకానికి 5.1 అక్కర్లేదు. మీ యాప్‌లలో వచ్చే పాటలు దాదాపు అన్నీ ఎడమ, కుడి రెండు ఛానెళ్లకి మిక్స్ చేసినవే. అదే డబ్బుని అయిదు స్పీకర్లకీ, ఒక సబ్‌వూఫర్‌కీ, వీడియో సర్క్యూట్లకీ పంచితే ఒక్కో దాని వాటా ఎంతకి పడిపోతుందో ఆలోచించండి. రెండే రెండు మంచి స్పీకర్లు, వాటికి సరిపడా ఒక స్టీరియో ఆంప్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫైయర్, దాన్లోనే రేడియో కూడా ఉంటే రిసీవర్ అంటారు) పెట్టుకుంటే ఆ 60 వేలకి వచ్చే సౌండు వేరే లెవెల్లో ఉంటుంది. సినిమాలు చూసేటప్పుడు కూడా టీవీ సౌండు ఆ రెండిట్లోంచే హాయిగా వినొచ్చు, టీవీ నుంచి సౌండు తీసుకునే హెచ్‌డీఎమ్‌ఐ ఆర్క్ గానీ ఆప్టికల్ ఇన్‌పుట్ గానీ ఉన్నది చూసుకుంటే చాలు.

ఇక అసలు విషయం. కొత్తగా కొనేవాళ్లందరూ వాట్లు అడుగుతారు, బ్రాండు అడుగుతారు, పాట ఫోన్లోంచి రిసీవర్‌లోకి ఏ దారిన వెళ్తుందో మాత్రం అడగరు. దారులు రెండు. ఒకటి బ్లూటూత్, అంటే పాట ముందు ఫోన్‌లోకి వచ్చి, అక్కడ మళ్లీ కంప్రెస్ అయి రిసీవర్‌కి వెళ్తుంది, కాబట్టి ఫోన్ ఆ గదిలోనే ఉండాలి, మీరు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్తే పాట తెగొచ్చు, కాల్ వస్తే పాట ఆగుతుంది, చాలా ఫోన్లలో వాట్సాప్ మెసేజ్ టింగుమన్నా అది హాలంతా మోగుతుంది. రెండోది వైఫై. స్పాటిఫై యాప్‌లో ఉండే స్పాటిఫై కనెక్ట్, యాప్‌లలో కాస్ట్ గుర్తుగా కనిపించే గూగుల్ కాస్ట్, ఐఫోన్లలో ఉండే ఎయిర్‌ప్లే ఇవన్నీ వైఫై మీద నడిచేవే. స్పాటిఫై కనెక్ట్‌లో, గూగుల్ కాస్ట్‌లో అయితే ఫోన్ ఉత్త రిమోటే, పాటని రిసీవర్ తనే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. మీరు కాల్ మాట్లాడుకోండి, ఫోన్ తీసుకుని మార్కెట్‌కి వెళ్లిపోండి, నాన్నగారికి పాట ఆగదు. మా ఇంట్లో ఇదే పెద్ద తేడా తెచ్చింది, క్వాలిటీ కంటే ముందు ఇది.

క్వాలిటీ సంగతి కూడా చెప్తాను. సీడీ లెక్క 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, అంటే 1411 కేబీపీఎస్ (సెకనుకి వెళ్లే డేటా, కిలోబిట్లలో). బ్లూటూత్‌లో బాగా ఎక్కువ అనుకునే ఎల్‌డీఏసీ అనే కంప్రెషన్ పద్ధతి కూడా 990 దగ్గర ఆగుతుంది, అదీ ఫోనూ రిసీవరూ రెండూ సపోర్ట్ చేస్తేనే. బ్లూటూత్ బాగోదని నేను అనను, చుట్టాలొచ్చినప్పుడు వాళ్ల ఫోన్లోంచి రెండు పాటలు పెట్టడానికి దానంత సుఖం లేదు, కానీ రోజూ వినేదానికి వైఫైయే. నెట్ స్పీడు గురించి భయపడొద్దు, 320 కేబీపీఎస్‌లో గంట పాటలకి 144 ఎంబీ, సీడీ క్వాలిటీ అసలు కంప్రెషనే లేకుండా వచ్చినా గంటకి 635 ఎంబీ, ఏ బ్రాడ్‌బ్యాండ్ అయినా దాన్ని తేలిగ్గా మోస్తుంది. మధ్యమధ్యలో ఆగిందంటే సాధారణంగా తప్పు రౌటర్ ఉన్న చోటుది. బెడ్‌రూమ్‌లో మంచం వెనక రౌటర్, హాల్లో సెట్టు, మధ్యలో కాంక్రీట్ గోడ ఉంటే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చచ్చిపోతుంది, అప్పుడు 2.4కి మార్చండి, లేదా రిసీవర్‌కి లాన్ పోర్ట్ ఉంటే వైరు లాగేయండి, ఇక ఆ బాధే ఉండదు.

ఇక్కడే మీరు బాగా చూడాల్సింది ఒకటుంది, బాక్సు మీద వైఫై అని రాసి ఉన్నంత మాత్రాన మీ యాప్‌లన్నీ పాడవు. యమహా ఆర్-ఎన్600ఏ ఉందనుకోండి, ఛానెల్‌కి 80 వాట్లు, రేడియో ఉంది, స్పాటిఫై కనెక్ట్ ఉంది, ఎయిర్‌ప్లే ఉంది, మంచి సెట్టే, కానీ గూగుల్ కాస్ట్ లేదు, అంటే ఆండ్రాయిడ్ నుంచి యూట్యూబ్ మ్యూజిక్ పెట్టాలంటే మళ్లీ బ్లూటూతే గతి. వీమ్ మినీ అనే చిన్న స్ట్రీమర్‌లోనూ (నెట్ నుంచి పాట తెచ్చి ఆంప్‌కి ఇచ్చే డబ్బా) గూగుల్ కాస్ట్ లేదు, వీమ్ ప్రోలో ఉంది, పేర్లు మాత్రం అన్నదమ్ముల్లాగే ఉంటాయి, షాపువాళ్లు ఈ తేడా చెప్పరు. స్ట్రీమరూ ఆంపూ ఒకే డబ్బాలో ఉండే వీమ్ ఆంప్‌లో కాస్టూ ఎయిర్‌ప్లే రెండూ ఉన్నాయి, దాని తర్వాత వచ్చిన ఆంప్ ప్రోలో ఎయిర్‌ప్లే తీసేశారు, ఇంట్లో ఎవరికైనా ఐఫోన్ ఉంటే అదొకటి గుర్తుపెట్టుకోండి. మీరు చెయ్యాల్సింది చాలా సింపుల్: రోజూ వాడే యాప్ ఓపెన్ చేసి, పాట ప్లే అవుతున్న స్క్రీన్ మీద కాస్ట్ గుర్తు ఉందో లేదో, డివైజ్‌ల లిస్ట్ వస్తోందో లేదో చూడండి, ఆ దారి ఏ సెట్టులో ఉందో అదే మీ సెట్టు.

నా సలహా అయితే, ఆంప్‌నీ స్ట్రీమింగ్ భాగాన్నీ విడివిడిగా కొనండి. ఎందుకంటే ఆంప్ అనేది ఇరవై ఏళ్లు పనిచేసే వస్తువు, స్ట్రీమింగ్ భాగం అలా కాదు, అది సాఫ్ట్‌వేరు, కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజు నుంచే అది ముసలిదైపోవడం మొదలవుతుంది. గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో అనే స్ట్రీమర్ తయారీని 2019 జనవరికల్లా ఆపేసింది. 2020లో సోనోస్ అనే వైఫై స్పీకర్ల కంపెనీ తన పాత మోడళ్లు కొన్నిటికి కొత్త అప్‌డేట్లు ఇక రావని చెప్పేసింది. ఆ భాగం రిసీవర్ లోపలే ఉంటే మీరేం చెయ్యలేరు, బయట చిన్న డబ్బాగా ఉంటే దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తగిలిస్తారు. మా పెదవాల్తేరు ఇంట్లో యమహా స్టీరియో రిసీవర్ చాలా ఏళ్లుగా కదలకుండా అదే బల్ల మీద ఉంది, దాని ముందున్న స్ట్రీమర్ మాత్రం మారింది, మారినప్పుడు నేను తీసింది రెండు ఆర్‌సీఏ పిన్నులు (ఆంప్ వెనక గుచ్చే మామూలు ఆడియో వైరు చివర్లు), అంతే. మీకు కూడా యమహా ఆర్-ఎస్202 లాంటి మామూలు స్టీరియో రిసీవర్ ప్లస్ గూగుల్ కాస్ట్ ఉన్న ఒక స్ట్రీమర్, ఈ జత నేను ముందు చూడమంటాను. టీవీ సౌండుకి మాత్రం ఇలాంటి రిసీవర్లలో ఆప్టికల్ ఉండకపోవచ్చు, వీమ్ ప్రోకి ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంది కాబట్టి టీవీ దానికి ఇచ్చేయొచ్చు. స్థలం తక్కువ, వైర్లు కనపడకూడదు అనుకుంటే వీమ్ ఆంప్ ఒక్కటే చాలు, కాకపోతే దాన్లో రేడియో ట్యూనర్ ఉండదు. నాన్నగారికి ఆకాశవాణి కావాలంటే న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో చాలా స్టేషన్లు నెట్ మీద వస్తాయి, కానీ పెద్దాయన తన చేత్తో నాబ్ తిప్పి రేడియో పెట్టుకోవడం వేరు కదండి, ఆయన ఎక్కువ వింటారంటే ట్యూనర్ ఉన్నదే తీసుకోండి.

అమెరికాలో ఉన్న చుట్టాల చేత తెప్పించుకుందామని ఆలోచన ఉంటే ఒక్క నిమిషం ఆగండి. అక్కడివి చాలా వరకు 120 వోల్టుల సెట్లు, మనది 230. వెనక వైపు వోల్టేజ్ ఎంత అని రాసుందో చూడకుండా ప్లగ్గు పెడితే మంచిగా అయితే ఫ్యూజు పోతుంది, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. మా చుట్టాల్లో ఒకళ్లింట్లో సరిగ్గా ఇదే జరిగింది, మా పెద్దమ్మ కొడుకు అంత దూరం నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చిన సెట్టు, ప్లగ్గు పెట్టిన క్షణంలో టప్పుమని చప్పుడై కాలిన వాసనొచ్చింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడొచ్చు గానీ అది కూడా సెట్టు తీసుకునే పవర్‌కి రెట్టింపు కెపాసిటీది కావాలి, బరువు, వేడి, సన్నగా గుయ్యిమనే చప్పుడు. పైగా అక్కడి రేడియో ట్యూనర్ స్టెప్పులు వేరు, మీడియం వేవ్‌లో వాళ్లది 10 కిలోహెర్ట్జ్, మనది 9, సెట్టింగ్ మార్చే వీలు లేకపోతే మన స్టేషన్ల మీద ముల్లు సరిగ్గా నిలబడదు. వారంటీ కూడా ఇక్కడ నడవదు.

వాట్ల గురించి తక్కువే చెప్తాను. 50 వాట్ల నుంచి 100 వాట్లకి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు సౌండు అనిపించాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి. స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్స్ అని ఉందంటే ఒక వాటుకి మీటరు దూరంలో అంత సౌండు ఇస్తుందని అర్థం, ఆ లెక్కన ఫ్లాటు హాల్లో మీరు మామూలుగా వినేది ఒకటి రెండు వాట్లలోనే అయిపోతుంది. పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ పవర్ పేరుతో వేసే అంకె) అని వేలల్లో రాసిన అంకెల్ని అసలు చూడకండి. 8 ఓమ్స్ దగ్గర, రెండు ఛానెళ్లూ నడుస్తుండగా ఎన్ని వాట్లు అని ఉందో అదే లెక్క, 40 నుంచి 60 నిజమైన వాట్లు మీకు ధారాళం. మిగిలిన డబ్బు స్పీకర్లకి పెట్టండి, బడ్జెట్‌లో సగానికి తగ్గకుండా.

ఇప్పుడు మన లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లకి ఉన్న బాధ, ఉప్పుగాలి. సముద్రానికి దూరంగా ఉండేవాళ్లు రాసిన రివ్యూల్లో ఇది దొరకదు. మీది ఎంవీపీ అంటే బీచ్ దగ్గరే కదా. మా ఇంట్లో ఒకసారి ఎడమ స్పీకర్ ఉండుండి మూగబోతుంటే వెనక టెర్మినల్ స్క్రూ విప్పి చూశాను, వైరు చివర ఎర్రగా మెరవాల్సిన రాగి పోగులు నల్లబడి, వాటి మీద పచ్చగా చిలుము పట్టి, గోటితో గీకితే పొడిలా రాలాయి, రెండు పోగులు తెగి చేతికొచ్చాయి. ఆంప్ బాగానే ఉంది, స్పీకర్ బాగానే ఉంది, పోయింది ఆ అంగుళం వైరే. ఆ ముక్క కత్తిరించి, కొత్తగా ఇన్సులేషన్ ఒలిచి, బంగారు పూత ఉన్న బనానా ప్లగ్గులు (స్పీకర్ వైరు చివర తొడిగే పిన్నులు) గట్టిగా బిగించాను, అప్పట్నుంచి ఏడాదికోసారి వానాకాలం అయ్యాక తీసి చూస్తాను. మీరు మొదటి రోజే బనానా ప్లగ్గులు వేయించేయండి, వైరు అచ్చం రాగిది తీసుకోండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవగ్గా దొరుకుతుంది, ఈ గాలికి అది తొందరగా పోతుంది. వైరు మందం 16 గేజ్ మీ హాలుకి చాలు. స్పీకర్ కోన్ చుట్టూ ఉండే అంచు ఫోమ్‌ది కాకుండా రబ్బరుది ఉండేలా చూడండి, మన ఉక్కకి ఫోమ్ కొన్నేళ్లలో పొడిపొడి అయిపోతుంది. సెట్టుని వారాల తరబడి ఆపి ఉంచకండి, రోజూ కాసేపు నడిస్తే ఆ వేడికి లోపలి తేమ ఆరుతుంది, అలాగని అద్దాల షోకేస్‌లో మూసి పెట్టొద్దు, పైన జానెడు ఖాళీ ఉండాలి. ఉరుములప్పుడు ప్లగ్గు తీసేయడం, లాన్ వైరు ఉంటే అదీ తీసేయడం అలవాటు చేసుకోండి.

సెట్టు బిగించాక ఒక పరీక్ష ఉంది, మీ నాన్నగారి పాటలే దానికి పనికొస్తాయి. ఘంటసాల గారి పాటలు చాలా వరకు మోనోలో రికార్డు చేసినవి, అంటే రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకటే సౌండు. రెండిటికీ సమాన దూరంలో కూర్చుని ఒకటి పెట్టండి, ఆయన గొంతు సరిగ్గా మధ్యలోంచి, స్పీకర్ లేని చోటు నుంచి రావాలి. అలా కాకుండా గొంతు చెదిరిపోయి గది నలుమూలలా ఉన్నట్టుండి, తబలా దరువు పలచగా వినిపిస్తోందంటే ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తిరగబడ్డాయని అర్థం. ఎర్ర టెర్మినల్‌కి ఎర్రది, నల్లదానికి నల్లది సరిచేస్తే అప్పటికప్పుడు గొంతు వచ్చి మధ్యలో కూర్చుంటుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు వెళ్లేలోపే ఇది వినండి.

షాపుకి వెళ్లినప్పుడు వాళ్ల డెమో పాటలు వద్దనండి, అవి ఏ సెట్టు మీదైనా బాగుండేలా ఏరినవి. మీ ఫోన్లోంచి మీరు బాగా ఎరిగిన పాటలు పెట్టించండి, ఒకటి గొంతు ముందుండేది, ఒకటి వీణో వేణువో ఉన్నది, ఒకటి డప్పులున్న మాస్ పాట. సౌండు తగ్గించి కూడా వినండి, రాత్రి పది దాటాక పక్క ఫ్లాటువాళ్లు ఉంటారు కాబట్టి మీరు ఎక్కువ రోజులు వినేది ఆ లెవెల్లోనే. స్ట్రీమర్‌ని కూడా అక్కడే వైఫైకి కలిపి, జియోసావన్‌లో కాస్ట్ నొక్కి పని చేస్తోందో చూపించమనండి.

సబ్‌వూఫర్ ఇప్పుడే వద్దు. ముందు స్పీకర్లని గోడకి జానెడు దూరం జరిపి, చెవి ఎత్తులో పెట్టి ఒక నెల వినండి, బేస్ చాలలేదనిపిస్తే అప్పుడు చూద్దాం. స్ట్రీమర్ గానీ ఆంప్ గానీ కొనేటప్పుడే సబ్ అవుట్ (సబ్‌వూఫర్‌కి వైరు ఇచ్చే చోటు) ఉందో లేదో కనుక్కుని పెట్టుకోండి. హాలు పొడవు వెడల్పులు, సోఫా ఏ గోడకి ఉందో ఇక్కడ రాయండి, స్పీకర్లు ఏ సైజువి సరిపోతాయో చెప్తాను.