ఏడుపు రాకపోతే తప్పా?

ప్రశ్న: నాకు 26 ఏళ్ళు. మాఘంలో పెళ్ళి. కాబోయే ఆయన బెంగాలీ రచయిత శరత్ రాసిన ‘దేవదాసు’ నవల ఇచ్చారు, తనకు ప్రాణమట. చదివితే జాలి కలగలేదు సరికదా, ఒళ్ళు మండింది. పార్వతి పంతమూ నచ్చలేదు. అదే చెబితే ‘నీది మనసా, రాయా?’ అన్నారు. రెండు వారాలుగా ఫోన్లో ముక్తసరిగా మాట్లాడుతున్నారు. ‘బాగుందని ఒక్క అబద్ధం ఆడలేకపోయావా’ అని అమ్మ గొణుగుడు. లోపం నాలోనే ఉందా?

జవాబు: లేదమ్మా. ఒళ్ళు మండాల్సిన చోటే మండింది. పార్వతి అర్ధరాత్రి పరువు పక్కనపెట్టి గదికి వస్తే, దేవదాసు ఏదీ తేల్చుకోలేక కలకత్తా వెళ్ళిపోతాడు. అక్కడి నుంచి వద్దంటూ ఉత్తరం రాసి, ఆ తర్వాత బాధపడతాడు. తిరిగొచ్చాక ఆమె ఎదురు మాట్లాడిందని చెరువు రేవులో గాలపు కర్రతో నుదుటి మీద కొడతాడు. చంద్రుడికీ మచ్చ ఉంటుందిగా అని పైగా ఓ సమర్థింపు! ఇంటర్‌లో ఈ పుస్తకం చదివి వెక్కి వెక్కి ఏడ్చాను. నలభై దాటాక చదివితే ఆ రేవు దగ్గరే పుస్తకం మూసేశాను.

ఇంకో సంగతి. 1917లో అచ్చయిన ఆ నవల చివర శరత్ కూడా అతన్ని నెత్తిన పెట్టుకోడు. నిగ్రహం లేని పాపి అనే అంటూ, అలాంటివాడు ఎదురైతే అతని కోసం కాస్త ప్రార్థించమంటాడు. అతన్ని ఇష్టపడమని రచయితే అడగలేదు, మీ ఆయనెందుకు అడగాలి?

అలాగని ఆయన్ని దేవదాసు కింద జమకట్టకండి. మనవాళ్ళలో చాలామంది నవల కంటే ముందు 1953 నాటి సినిమా చూసినవాళ్ళే. అక్కినేని కళ్ళు, సావిత్రి ముఖం, ఘంటసాల గొంతు మనసులో పెట్టుకుని పుస్తకం తెరిస్తే కర్ర దెబ్బ కూడా మెత్తగానే తగులుతుంది. మీకు ఆ మెత్తదనం లేకుండా కథ ఒక్కటే చేరింది.

అమ్మ చెప్పిన అబద్ధం మాత్రం వద్దు. ఇప్పుడు మొదలుపెడితే పెళ్ళయ్యాక ప్రతి సినిమాకీ ఆడాలి.

ఫోన్లో కాదు, ఎదురుగా కూర్చుని ఆ రేవు పేజీ తీసి ఆయన చేతికివ్వండి. ‘ఇది చదివినప్పుడు మీకేమనిపించింది?’ అని అడిగి, మీరు మాట్లాడకుండా వినండి. ‘అవును, అక్కడ నాకూ కష్టమే, కానీ చివర్లో ఆమె గుమ్మం ముందు అలా చచ్చిపోతుంటే తట్టుకోలేను’ అంటే టెన్షన్ పడాల్సిందేమీ లేదు. ‘అంత ప్రేమ ఉంది కాబట్టే కొట్టాడు’ అంటే మాత్రం అది పుస్తకం గురించిన మాట కాదు. అప్పుడు అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకోవాలి. ‘రాయి’ అన్నందుకు మీరు నొచ్చుకున్నారని కూడా చెప్పండి. నచ్చని మాట అన్నందుకు రెండు వారాలు ముఖం మాడ్చుకోవడం నాకు నవల కంటే ఎక్కువ చిరాకుగా ఉంది. ఇదంతా శుభలేఖలు అచ్చుకి ఇవ్వకముందే కానివ్వండి.