వేడెక్కే స్పోర్ట్స్ కారు, 2,65,000 రూపాయల ఎస్టిమేట్: డిపాజిట్ తీయాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. పలాసలో చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాను. మూడేళ్ల కిందట జర్మనీలో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును సెకండ్ హ్యాండ్‌లో 18 లక్షలకు కొన్నాను. దానిపై అప్పు లేదు. రెండు నెలలుగా కారు వేడెక్కుతోంది. హైవే మీద ఏ ఇబ్బందీ ఉండదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో నాలుగు నిమిషాలు ఆగితే మాత్రం టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, ఏసీ నుంచి వేడి గాలి వస్తుంది. విశాఖపట్నంలోని ఒక వర్క్‌షాపు 2,65,000 రూపాయలకు ఎస్టిమేట్ పంపింది. నా దగ్గర 7 శాతం వడ్డీ వచ్చే 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. బ్యాంకు 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. డిపాజిట్ తీసేయాలా, లోన్ తీసుకోవాలా, బీమా వస్తుందా, లేక కారే అమ్మేయమంటారా?

జవాబు: మీరు జతచేసిన ఎస్టిమేట్ కాగితాన్ని రెండుసార్లు చదివాను. రెండు ఫ్యాన్ల అసెంబ్లీకి 78,000, రేడియేటర్‌కు 64,000, వాటర్ పంపు, కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్‌లకు కలిపి 71,000, కూలెంట్, లేబర్ కింద 52,000 అని రాశారు. ఏ పరీక్ష చేశారో, అందులో ఏమి తేలిందో చెప్పే వరుస ఆ కాగితంలో ఒక్కటి కూడా లేదు. వేడెక్కడానికి కారణం కాగల భాగాలన్నింటినీ ఒకేసారి మార్చేస్తే ఏదో ఒకదానితో జబ్బు పోతుందన్న లెక్క మీద ఆ కాగితం తయారైంది. లోపం ఏమిటో తేలకముందు డిపాజిట్ తీయవద్దు, లోన్ కాగితాల మీద సంతకం చేయవద్దు. ముందుగా పరీక్షకు డబ్బు ఖర్చు పెట్టండి. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్ పెట్టి, వైరింగ్ చూసి, రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వడానికి మూడు నాలుగు వేల రూపాయలు అడిగినా సంతోషంగా ఇవ్వండి, ఎందుకంటే ఈ వ్యవహారం మొత్తంలో మీకు ఎక్కువ లాభం తెచ్చే ఖర్చు అదే.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి మీ లేఖలోనే ఆధారం ఉంది. కారు వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది కాబట్టి ఫ్యాన్ తిరిగినా తిరగకపోయినా తేడా తెలియదు. కారు ఆగినప్పుడు ఆ గాలిని ఫ్యానే లాగాలి. ఏసీ లాగిన వేడిని బయటకు వదిలే కండెన్సర్ కూడా రేడియేటర్‌కు ముందే ఉంటుంది కనుక, ఫ్యాన్ ఆగిపోతే ముల్లు లేవడం, ఏసీ వేడి గాలి కొట్టడం రెండూ కలిసే జరుగుతాయి. మీరు రాసినది సరిగ్గా ఇదే. రేడియేటర్ లోపల పూడుకుపోయినా, వాటర్ పంపు బలహీనపడినా, థర్మోస్టాట్ మూసుకుపోయినా, సాధారణంగా టెక్కలి, నరసన్నపేట మీదుగా గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్నప్పుడే, ఇంజిన్ మీద భారం పడిన చోట, ముల్లు లేవాలి. కాబట్టి నా మొదటి అనుమానం ఫ్యాన్ మీద, దానికి కరెంటు ఇచ్చే దారి మీద ఉంది. ఆ దారిలో ఫ్యాన్‌కు కరెంటు వేసి ఆపే స్విచ్ లాంటి 500 రూపాయల రిలే ఉంది, అంతకంటే చవకైన ఫ్యూజు ఉంది, ఒక సెన్సార్ ఉంది, ఫ్యాన్ వేగాన్ని నడిపే మాడ్యూల్ ఉంది, చివర్లో మోటారు ఉంది. వీటిలో ఏది పోయిందన్న దాన్ని బట్టి మీ ఖర్చు వందల్లో ఉండవచ్చు, లక్షకు దగ్గర పడవచ్చు.

ఒక పరీక్ష మీరే ఇంటి దగ్గర చేయవచ్చు. ఉదయం ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కారు స్టార్ట్ చేసి, ఏసీని పూర్తి చల్లదనంలో పెట్టి, బానెట్ ఎత్తి దూరం నుంచి చూడండి. చెయ్యి మాత్రం లోపల పెట్టకండి, ఇంజిన్ ఆపిన తర్వాత కూడా ఈ ఫ్యాన్లు హఠాత్తుగా తిరగగలవు. చాలా కార్లలో ఏసీ వేసిన కొద్దిసేపటికే ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది. ఏసీకి తిరిగి, ఇంజిన్ వేడెక్కినప్పుడు తిరగకపోతే మోటారు బాగానే ఉన్నట్టు. అప్పుడు టెంపరేచర్ సెన్సార్‌ను, దాని వైరును అనుమానించాలి. రెండు సందర్భాల్లోనూ తిరగకపోతే ఫ్యూజు, రిలే, మాడ్యూల్, మోటారు వరుసగా చూడాలి. రెండు ఫ్యాన్లలో ఒకటే తిరిగినా, పూర్తి వేగంలో తప్ప తక్కువ వేగంలో తిరగకపోయినా ఆ మాట కూడా రాసి పెట్టుకోండి, మెకానిక్‌కు అది సగం పని తగ్గిస్తుంది.

మిగతా పని ఎలక్ట్రీషియన్‌ది, కానీ ఏమి అడగాలో మీకు తెలిసి ఉండాలి. అనుమానం ఉన్న రిలేను తీసి, అదే పెట్టెలో అదే నంబరున్న మరో రిలేను పెట్టి చూడమనండి. ఫ్యాన్ ప్లగ్గు ఊడదీసి, తిరగవలసిన సమయంలో అక్కడికి 12 వోల్టులు వస్తున్నాయో లేదో, ఎర్త్ సరిగా ఉందో లేదో మల్టీమీటర్‌తో చూడమనండి. కరెంటు వస్తూ, ఎర్త్ కూడా సరిగా ఉండి ఫ్యాన్ తిరగకపోతే చాలావరకు మోటారు పోయినట్టే; రాకపోతే మోటారు మార్చినా ప్రయోజనం ఉండదు. ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా మోటారుకు కరెంటు ఇచ్చి చూడటం కూడా మంచి పరీక్షే, కాకపోతే వేగాన్ని మాడ్యూల్ ద్వారా నడిపే ఫ్యాన్లకు ఆ పద్ధతి కుదరదు కాబట్టి ఆ కారు వైరింగ్ తెలిసినవారే చేయాలి. సెన్సార్ ప్లగ్గు తీసేస్తే చాలా కార్లలో కంప్యూటర్ జాగ్రత్త కోసం ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతుంది; అలా తిరిగిందంటే మోటారు, రిలే రెండూ నిర్దోషులని తేలుతుంది.

నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట విజయనగరంలో నా కారుకు ఇదే జబ్బు వస్తే, ఒక వర్క్‌షాపు మాట మీద 22,000 రూపాయలు పెట్టి రేడియేటర్ మార్పించాను. వారం తిరగకముందే మయూరి జంక్షన్‌లో కారు మళ్లీ వేడెక్కింది. రెండోసారి చూసిన ఎలక్ట్రీషియన్ ఫ్యూజు పెట్టెలోంచి అగ్గిపెట్టెలో పట్టేంత రిలేను తీసి, దాని కాళ్లలో ఒకటి నల్లగా కాలి ఉండటం చూపించాడు. 22,000 తిరిగి రాలేదు.

ఈలోగా రెండు పనులు చేయవద్దు. ఫ్యాన్‌కు నేరుగా స్విచ్ పెట్టించి శాశ్వతంగా అలా వదిలేయవద్దు. ఈ ఫ్యాన్లు 20 ఆంపియర్లకు పైబడి కరెంటు లాగగలవు. సన్నని వైరు కాలితే నష్టం ఫ్యాన్‌తో ఆగదు. అలాగే వేడెక్కుతున్న కారును ట్రాఫిక్‌లో నడపవద్దు. నేటి కార్లలో చాలావాటి ముల్లు కొంత మేర వేడి పెరిగినా మధ్యలోనే నిలిచేలా తయారు చేస్తారు, కాబట్టి అది కదిలిందంటే ఇంజిన్ అప్పటికే బాగా వేడెక్కినట్టు. ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగి, దాని కింద సీల్‌లా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతే, ఇప్పుడు మీరు భయపడుతున్న 2,65,000 చిన్న మొత్తంగా కనిపిస్తుంది. దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేసి, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. వేడి మీద కూలెంట్ మూత తెరవకండి. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోయవద్దు, కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయాలి. కారును విశాఖపట్నం పంపవలసి వస్తే కారును పూర్తిగా పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీ మీదనే పంపండి, ఎందుకంటే నేలకు తక్కువ ఎత్తులో ఉండే కారును ముందు భాగం ఎత్తి లాగితే బంపర్ పగులుతుంది. మీ పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉచితమో చదవండి.

రిపోర్టులో ఫ్యాన్ బాగుందని తేలితే లెక్క మారుతుంది. అప్పుడు కూలింగ్ సిస్టమ్ ప్రెజర్ టెస్ట్, కూలెంట్‌లోకి ఇంజిన్ పొగ చేరుతోందో లేదో చెప్పే రంగు ద్రవం పరీక్ష చేయించండి. నీలం ద్రవం పసుపు రంగులోకి మారితే సాధారణంగా గ్యాస్కెట్ పోయిందని అర్థం.

బీమా సంగతి త్వరగా చెప్పేస్తాను: ఆశ పెట్టుకోవద్దు. సమగ్ర పాలసీ ప్రమాదం, అగ్ని, దొంగతనం, ప్రకృతి వైపరీత్యాల నష్టానికి. అరుగుదలకు, యాంత్రిక, విద్యుత్ లోపాలకు వర్తించదు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉన్నా, అది సాధారణంగా నీరు చేరడం, ఆయిల్ కారిపోవడం వల్ల కలిగే నష్టానికే పరిమితం. బిల్లును యూనిట్ పేరు మీద రాయించి జీఎస్‌టీ క్రెడిట్ తీసుకోవచ్చని, అంటే బిల్లులోని పన్నును యూనిట్ కట్టే పన్నులోంచి తగ్గించుకోవచ్చని ఎవరైనా చెప్పినా వినకండి. వ్యక్తిగత ప్రయాణానికి వాడే ఇలాంటి కార్ల రిపేరు మీద ఆ క్రెడిట్ రాదు.

ఇప్పుడు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న. మొత్తం 2,65,000 రూపాయలను 14 శాతానికి మూడేళ్ల లోన్‌గా తీసుకుంటే నెలకు సుమారు 9,050 రూపాయల చొప్పున కడుతూ, వడ్డీ కిందే దాదాపు 61,000 ఇస్తారు. కారణం తెలియని రిపేరుకు అంత వడ్డీ నేను ఒప్పుకోలేను. ఫ్యాన్ అసెంబ్లీయే మార్చవలసి వచ్చి, లేబర్‌తో కలిపి 95,000 అయిందనుకోండి. డిపాజిట్‌ను గడువుకు ముందే మూసేస్తే పెనాల్టీ పడుతుంది కాబట్టి దాన్ని కదపకుండా, దాని హామీ మీదనే ఓవర్‌డ్రాఫ్ట్, అంటే అవసరమైనంత వాడుకుని వాడిన దానికే వడ్డీ కట్టే అప్పు, తీసుకోండి. చాలా బ్యాంకులు డిపాజిట్ వడ్డీ కంటే ఒక శాతం అటూ ఇటూ ఎక్కువకే ఇస్తాయి. 8 శాతం లెక్కన 95,000కు ఆరు నెలల వడ్డీ 3,800 రూపాయలు. అదే సమయంలో మీ 6 లక్షల మీద వడ్డీ వస్తూనే ఉంటుంది. బిల్లు 20,000 లోపు తేలితే ఓవర్‌డ్రాఫ్ట్ కూడా అక్కరలేదు, నెల ఆదాయంలోంచే కట్టేయండి. ఒక్క హద్దు మాత్రం దాటవద్దు: జీడి పిక్కల కొనుగోలు కోసం ఉంచుకున్న యూనిట్ వర్కింగ్ క్యాపిటల్ పరిమితిని, అంటే వ్యాపారం నడపడానికి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితిని, కారుకు వాడవద్దు. వేసవిలో సరుకు దిగే వారాల్లో చేతిలో లేని ప్రతి వెయ్యి రూపాయలూ మీకు ధర రూపంలో నష్టం తెస్తాయి.

పాత భాగాలను వెనక్కి ఇవ్వాలని వర్క్‌షాపుతో ముందే రాయించుకోండి, పని పూర్తయ్యాక ఏసీ వేసి అరగంట నిలబెట్టిన కారులో స్కానర్ చూపిన కూలెంట్ ఉష్ణోగ్రతను బిల్లు మీద రాయమనండి.

అమ్మకం గురించి ఇప్పుడే నిర్ణయించవద్దు. వేడెక్కే కారును చూసిన కొనుగోలుదారు ఇంజిన్ పోయిందన్న ధరే చెబుతాడు, లోపాన్ని దాచి అమ్మడం మీకు తగదు. రిపేరు పూర్తయ్యాక, ఈ మూడేళ్ల సర్వీసు, టైర్లు, బీమా, రిపేరు బిల్లులన్నీ కూడి 36 నెలలతో భాగించండి. ఆ మొత్తాన్ని ప్రతి నెలా విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేయగలరా, ముఖ్యంగా యూనిట్ మందగించే నెలల్లో ఇంటి ఖర్చుకు చేయి పడకుండా వేయగలరా అని ఇంట్లో కూర్చుని చూసుకోండి. వేయగలిగితే కారు ఉంచుకోండి. వేయలేకపోతే, అన్నీ సరిగా పనిచేస్తున్న కారుగా, పరీక్ష రిపోర్టుతో, బిల్లులతో సహా వచ్చే సీజన్‌కు ముందే అమ్మేయండి.