పజిల్ పోటీలో ఒక్కరే జవాబులన్నీ చెప్పేస్తుంటే ఏం చేయాలి?

సిరిమానోత్సవానికి విజయనగరంలో బంధువులంతా చేరి పజిల్ పోటీ పెట్టుకుంటే, మీ బావగారొక్కరే అన్నీ ముందే చెప్పేస్తున్నారని కదా మీ ఇబ్బంది. ముందు నోటితో జవాబు చెప్పడం మానిపించండి. ఐదు నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి, తర్వాతే జట్టులో మాట్లాడుకోవాలి. జవాబుకు ఒక మార్కు, ఎందుకో వివరిస్తే రెండు. వివరించే మనిషిని చీటీ తీసి ఎంచండి. అప్పుడు తెలిసినవాళ్లు పక్కవాళ్లకు నేర్పక తప్పదు.

పొడుపు కథలు దీనికి అంతగా పనికిరావు (నా లెక్కలో). తట్టితే తట్టినట్టు, లేకపోతే లేదు. తూకం పజిల్ ఇచ్చి చూడండి: తొమ్మిది నాణేల్లో ఒకటి తేలిక, త్రాసు రెండుసార్లే వాడాలి. చాలామంది నాలుగూ నాలుగుగా విడదీసి ఇరుక్కుంటారు. త్రాసుకు ఫలితాలు మూడు: ఎడమకు మొగ్గడం, కుడికి మొగ్గడం, సమానం. అందుకే మూడేసి నాణేలతో మూడు కుప్పలు చేసి రెండిటిని తూచాలి. సమానమైతే తేలికది మూడో కుప్పలో ఉన్నట్టే, లేకపోతే పైకి లేచిన కుప్పలో. రెండో తూకంలో ఆ కుప్పలోని నాణేలను ఒక్కోటిగా ఇలాగే తూస్తే సరి. ఇది పట్టుబడ్డాక 27 నాణేలు, మూడు తూకాలు ఇవ్వండి.

బావగారికైతే 12 నాణేలు, తేడా నాణెం బరువో తేలికో చెప్పకుండా, మూడే తూకాలు. భోజనాల దాకా నోరెత్తరు.