కారు చక్రం బేరింగ్ మార్చినంక నెల గూడ కాలే, మళ్ల గుయ్యిమని మోత

ఎక్కిచ్చుడుల తప్పయింది అన్నా, బేరింగ్ కంపెనీని తిట్టకు. లోపలి రింగు మీద నొక్కిండ్రు, లేకుంటే సుత్తెతోని కొట్టిండ్రు.

1. మోత ఏ చక్రందో తెల్వాలంటే, నార్కట్‌పల్లి హైవే మీద 60 స్పీడ్‌ల పోతూ స్టీరింగ్ కొంచెం ఎడమకు తిప్పు, మోత పెరిగితే చానా మట్టుకు కుడి చక్రందే.

2. అందరు మర్చేది గిదే: బేరింగ్‌ను నకల్‌ల (బేరింగ్ కూసునే ఇనుప భాగం) ఎక్కిచ్చేటప్పుడు బయటి రింగునే నొక్కాలె, లోపలిది నొక్కితే బలమంత బాల్స్ మీద పడి ట్రాక్‌ల సన్న గుంటలు పడ్తయ్, కంటికి కానరావు గని మోత మాత్రం షురూ. హబ్‌ను (చక్రం బిగిచ్చే భాగం) బేరింగ్‌లకు నొక్కేటప్పుడు ఉల్టా, లోపలి రింగు కింద సపోర్ట్ పెట్టాలె. నాది గూడ గిట్లనే ఒకటి ఖరాబైంది, రెండోసారి పాత బేరింగ్ బయటి రింగును జర గ్రైండ్ చేసి దాన్నే అడ్డం పెట్టి నొక్కినం.

3. పీకిన బేరింగ్ మళ్ల ఎయ్యకు. ఏబీఎస్ (బ్రేకేస్తే చక్రం జామ్ కాకుండ చూసేది) ఉంటే, బేరింగ్‌కున్న అయస్కాంతం సీలు సెన్సార్ దిక్కుకే ఉండాలె.

4. యాక్సిల్ నట్టు కొత్తది ఎయ్యాలె, మాన్యువల్‌ల ఉన్న టార్క్‌కు (ఎంత బలంతోని బిగియ్యాల్నో ఆ లెక్క), బండి బరువు చక్రం మీద పడకముందే బిగియ్యాలె.