డాబా మీద సోలార్ పెట్టించే ముందు

అమ్మలూ,

మీ డాబా మీద సోలార్ పెట్టిద్దామనుకుంటున్నారని పిన్ని చెప్పింది, చాలా సంతోషం. ఐదు కిలోవాట్లకు కొటేషన్ వచ్చిందట, ఈ వారమే అడ్వాన్స్ ఇచ్చేస్తారట కూడా. అది మాత్రం ఆపు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్ళు చేసినవాడిగా చెప్తున్నా, అమ్మేవాడు చెప్పే సైజు వేరు, మీ ఇంటికి కావలసిన సైజు వేరు.

ముందు గడిచిన పన్నెండు నెలల బిల్లులు తీసి యూనిట్లు కూడండి. ఒక కిలోవాట్ ప్లాంటు మన దగ్గర రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది, ముసురు రోజుల్ని కలుపుకుంటే నెలకు 110-120. మీ వాడకం సగటున నెలకు 300 యూనిట్ల చుట్టూ ఉంటే మూడు కిలోవాట్లు సరిపోయి ఇంకా మిగులుతుంది. సబ్సిడీ లెక్క కూడా చూడు: పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద రెండు కిలోవాట్లకు 60,000, మూడింటికి 78,000, ఆపైన ఎంత పెట్టినా అదే 78,000. మిగిలిన యూనిట్లు అమ్ముకోవచ్చని వాళ్ళు చెప్తారు, నిజమే, కానీ ఆ మిగులుకు డిస్కమ్, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే కంపెనీ, ఇచ్చే ధర మనం కట్టే ధర కంటే బాగా తక్కువ.

అసలు ప్యానెళ్ళ కంటే ముందు ఫ్యాన్లు మార్చండి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, కరెంటు తక్కువ తినే కొత్తరకం మోటారుండే బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలికి 30 చుట్టూ. నాలుగు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగితే ఆదా రెండు యూనిట్ల పైనే, అంటే అర కిలోవాట్ సోలార్ ఇచ్చేంత. పైగా అవి తిరిగేది ఎక్కువ రాత్రిపూట. ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను, ఈ ఉత్తరం రాస్తున్నది కూడా ఎక్కువగా దానికోసమే.

నెట్ మీటర్, అంటే మనం లైన్లోకి పంపిందీ లైన్ నుంచి తీసుకున్నదీ రెండూ లెక్కకట్టే మీటరు, పెట్టాక బిల్లు దాదాపు సున్నాకు వస్తుంది, అందరూ అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. పగలు మనం లైన్లోకి పంపిన యూనిట్, రాత్రి మనం వాడుకున్న యూనిట్ కాగితం మీద చెల్లుకు చెల్లు అవుతాయి, కానీ రాత్రి ఎనిమిదింటికి నీ ఏసీకి వచ్చే కరెంటులో పెద్ద భాగం పరవాడ సింహాద్రిలోనో ఇబ్రహీంపట్నంలోనో బొగ్గు కాల్చి తీసిందే. మన దేశపు గ్రిడ్ కరెంటు ఒక్కో యూనిట్ వెనక సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తోంది. పగటి సోలార్‌ను రాత్రికి దాచడానికే కదా నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకం తలపెట్టింది, పగలు నీళ్ళు పైకెక్కించి అవసరమైనప్పుడు కిందికి వదిలేలా. అలాంటివి చాలినన్ని వచ్చేదాకా మన వంతు పని, బరువైన వాడకాన్ని పగటికి జరపడం. బోరు మోటారు, వాషింగ్ మెషిన్, గ్రైండర్, ఇస్త్రీ, అన్నీ పది నుంచి మూడు మధ్య కానివ్వండి. గీజరుకు మధ్యాహ్నం టైమర్ పెడితే సాయంత్రానికి వేడి నిలుస్తుంది. మీ ఇద్దరూ ఆఫీసుకు వెళ్తారు కాబట్టి మోటారుకు కూడా టైమర్ పెట్టించండి, పెద్ద ఖర్చేం కాదు. మూడు కిలోవాట్లు ఏడాదికి దాదాపు నాలుగు వేల యూనిట్లు, ఆ లెక్కన మూడు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, ఒక్క ఇంటికి ఇది చిన్న విషయం కాదమ్మా.

ఇక డాబా సంగతి. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, ప్యానెళ్ళు దక్షిణం వైపు చూడాలి. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎక్కడెక్కడ పడుతుందో నువ్వే స్వయంగా చూడు. డిసెంబరులో నీడలు ఇంకా పొడుగవుతాయని గుర్తుపెట్టుకో. ఒక్క ప్యానెల్ మూల నీడలో ఉన్నా దానితో వరుసగా కలిపిన ప్యానెళ్ళ మీద కూడా ఆ ప్రభావం పడొచ్చు.

కింద వడియాలు ఎండబెట్టుకోవడానికి, బట్టలు ఆరేసుకోవడానికి ఎత్తుగా కట్టించమని మీ అత్తగారు అడుగుతారు, అడగడం న్యాయమే. కానీ ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, మీరున్నది కాకినాడ, 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖను ఏం చేసిందో మనమంతా చూశాం. ఎత్తు కావాలంటే స్తంభాలు, పునాది దిమ్మెలు అందుకు తగ్గట్టు ఉండాలి, ఇనుము హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగించిన జింకులో ముంచి పూత పట్టించింది, అయి ఉండాలి. మామూలు ఇనుముకు పెయింట్ వేసి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, సముద్రపు గాలికి అది ఆగదు. ప్యానెల్ పాతికేళ్ళు పనిచేస్తుంది, దాన్ని మోసేది ముందే తుప్పు పట్టకూడదు కదా. ఎర్తింగ్, పిడుగుల నుంచి రక్షణ దగ్గర కూడా రూపాయి తగ్గించవద్దు.

కరెంటు పోతే సోలార్ ఉంది కదా అనుకోవద్దు. బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ సిస్టమ్ లైన్లో కరెంటు లేనప్పుడు తనంతట తానే ఆగిపోతుంది, అలాగే ఆగాలి కూడా. ఆ సమయంలో లైన్‌మన్ స్తంభం మీద ఉంటాడు, మన ఇంటి నుంచి కరెంటు వెనక్కి వెళ్తే అతని ప్రాణం పోతుంది. ఎవరైనా దాన్ని బైపాస్ చేసి ఇస్తామంటే ఇంట్లోకి రానివ్వవద్దు.

రోహిణి కార్తెలో అంత ఎండ ఉన్నా యూనిట్లు అనుకున్నంత పెరగకపోతే టెన్షన్ పడకండి. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్యానెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ ఉత్పత్తి 0.3-0.4 శాతం తగ్గుతుంది. దుమ్ము మాత్రం తెల్లవారుజామునో సాయంత్రమో కడగండి, ఉప్పు బోరు నీళ్ళు వాడితే తెల్ల మరకలు పడతాయి.

కాగితాల విషయం. ఇల్లు మీ ఆయన పేరున మారినా మీటరు ఇంకా మీ మామగారి పేరునే ఉంది, అప్లికేషన్‌కు ముందే ఆ పేరు మార్పించండి, లేకపోతే సబ్సిడీ దగ్గర చిక్కు వస్తుంది. సబ్సిడీకి మన దేశంలో చేసిన సెల్స్‌తో తయారైన ప్యానెళ్ళే ఉండాలి, డీసీఆర్ అంటారు, కొటేషన్‌లో ఆ మాట రాయించుకోండి. ఆ పథకం వెబ్‌సైట్ అయిన నేషనల్ పోర్టల్‌లో నమోదైన వెండరేనా అన్నది కూడా చూడండి. ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్ వారంటీ ఎన్నేళ్ళో, ప్యానెల్ వారంటీ ఎన్నేళ్ళో విడివిడిగా అడగండి, రెండూ ఒకటి కావు.

బిల్లులు, ఆ కొటేషన్ ఫొటోలు తీసి నాకు వాట్సాప్ చెయ్యి. డాబా ఫొటో కూడా, ట్యాంకు కనిపించేట్టు. వెండర్ వచ్చే రోజు ముందే చెప్తే నేను ఫోన్లో ఉంటాను.

మీ బాబాయి