టెన్నిస్ ఎల్బో: అల్ట్రాసౌండా, పట్టీనా, ఇంజెక్షనా, వ్యాయామమా?

టెన్నిస్ ఎల్బోకు, అంటే మోచేతి బయటివైపు నొప్పికి, పది సిట్టింగుల అల్ట్రాసౌండ్ (స్కాన్ కాదు, ధ్వని తరంగాలతో చేసే ఫిజియోథెరపీ) అయినా నొప్పి అలాగే ఉంది, ఇక ఇంజెక్షన్ వేయించుకోవాలా అని అడిగారు. తొందరపడకండి. మీకు ఇంతవరకూ అందనిది వ్యాయామం, అసలు చికిత్స అదే.

మణికట్టును పైకి ఎత్తే కండరం తాలూకు టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి నారల పట్టీ) మోచేతి బయటివైపు ఎముకకు అతుక్కుంటుంది. ఆ చోట నారలు అరిగి, అల్లిక చెదురుతుంది. నెలల తరబడి ఉన్న నొప్పిలో వాపు పాత్ర తక్కువ. అందుకే అల్ట్రాసౌండ్, వేడి కాపడం కాసేపు హాయినిస్తాయే గానీ టెండన్‌కు బలం ఇవ్వలేవు. బలం రావాలంటే దానిమీద కొద్దికొద్దిగా బరువు పడాలి.

నొప్పి బాగా ఉంటే కదలిక లేని వ్యాయామంతో మొదలుపెట్టండి. అరచేయి కిందికి ఉండేలా ముంజేతిని బల్లమీద పెట్టి, మణికట్టును పైకి ఎత్తడానికి ప్రయత్నిస్తూనే, రెండో చేత్తో చేతివెనుక భాగాన్ని నొక్కుతూ అది పైకి లేవకుండా ఆపాలి. 30 నుంచి 45 సెకన్లు, ఐదుసార్లు. ఇది ఓర్చుకోగలిగాక బరువుకు వెళ్లండి. మణికట్టు బల్ల అంచు దాటి ఉండాలి, చేతిలో అర కిలో చాలు. రెండో చేత్తో సాయం పట్టి పైకి ఎత్తి, సాయం వదిలేసి నాలుగు సెకన్లలో నెమ్మదిగా దించాలి. 10 నుంచి 15 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. మొదట మోచేయి మడిచి, కొన్ని వారాలయ్యాక చాచి చేయండి. చాచినప్పుడు టెండన్‌మీద భారం ఎక్కువ.

చేసేటప్పుడు నొప్పి పదికి మూడు, నాలుగు దాకా ఉంటే ఫర్వాలేదు. మర్నాటి ఉదయానికి మామూలుకు రాకపోతే బరువు తగ్గించాలి. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: నొప్పి లేని రోజు ఉత్సాహంగా రెట్టింపు చేస్తారు, లేదా రెండు వారాలకే ఫలితం లేదని మానేస్తారు. ఆరు నుంచి పన్నెండు వారాలు ఇవ్వండి.

పట్టీని నొప్పి ఉన్న ఎముకమీద కట్టకూడదు. దానికి రెండు వేళ్ల వెడల్పు కిందగా, కండరంమీద కట్టాలి. పనివేళల్లో మాత్రమే, వేళ్లు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టే. చేత్తో చేసే మానిప్యులేషన్‌లలో, థెరపిస్ట్ మోచేతిని పక్కకు నెట్టి పట్టుకోగా మీరు పిడికిలి బిగించే పద్ధతి మంచిది. పట్టు బిగించేటప్పటి నొప్పి అక్కడికక్కడే తగ్గితే, ఆ తర్వాత వ్యాయామం సులువవుతుంది. షాక్‌వేవ్ (యంత్రంతో నొప్పి ఉన్న చోటికి బలమైన ఒత్తిడి తరంగాలు పంపే చికిత్స) ఫలితాలు ఒకరికి ఒకలా ఉంటాయి. వ్యాయామం సరిగా చేశాకే దాని గురించి ఆలోచించండి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ విషయంలో జాగ్రత్త. మొదటి కొన్ని వారాలు అద్భుతంగా అనిపిస్తుంది. కానీ 2006లో ఆస్ట్రేలియాలో వచ్చిన పరిశోధనలో, ఏడాది తిరిగేసరికి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల పరిస్థితి ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లకంటే వెనకబడింది, నొప్పి తిరగబెట్టడమూ ఎక్కువే.

ఈలోగా వస్తువులు ఎత్తేటప్పుడు అరచేయి పైకి ఉంచండి, మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. వేళ్లలో తిమ్మిరి, మెడ నుంచి చేతిలోకి లాగే నొప్పి, మణికట్టు లేవకపోవడం ఉంటే మాత్రం సమస్య నరానిది కావచ్చు. అప్పుడు ఈ వ్యాయామాలు ఆపి ముందు డాక్టర్‌కు చూపించాలి.