బడిపంతులు ఉద్యోగం ఎందుకు కోరుకుంటారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావాటి సారాంశం ఒక్కటే: ఉపాధ్యాయ వృత్తిని మనుషులు ఎందుకు ఎంచుకుంటారు, ఎంచుకోవడం వివేకమేనా అని. వాటిలో మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదట ప్రాథమిక పాఠశాలలోను, తరువాత జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలోను లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని కనుక, ఉదాహరణలు ఆ తరగతి గదుల నుంచే తీసుకున్నాను.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అమ్మాయి బి.ఎస్సీ. గణితం చదివి, హైదరాబాదులో ఒక కంపెనీలో మంచి జీతానికే పనిచేస్తోంది. ఇప్పుడు అది మానేసి బి.ఇడి. చేసి, ప్రభుత్వ టీచరు పోస్టుల కోసం పెట్టే డీఎస్సీ పరీక్ష రాస్తానంటోంది. ‘బతకలేక బడిపంతులు అని పెద్దలు ఊరికే అన్నారా’ అని మావారు కోప్పడుతున్నారు. మా ఆడపడుచేమో ఆడపిల్లకు టీచరు ఉద్యోగాన్ని మించింది లేదంటోంది. ఎందుకమ్మా అని అడిగితే అమ్మాయి సరైన కారణం చెప్పలేకపోతోంది. అసలు ఈ పనిని కోరుకునేవాళ్లు ఎందుకు కోరుకుంటారు? మేము దానికి ఏమని చెప్పాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా మీవారి మాట సంగతి చూద్దాం. ఆ సామెత వీధిబడుల కాలానిది. ఊరివాళ్లు కొలిచి ఇచ్చే ధాన్యంతోను, దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగితే దొరికే కానుకలతోను పంతులు సంసారం ఈదిన రోజుల్లో అది నిజమే. ఈనాడు ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు మూలవేతనం 32,670 రూపాయల దగ్గర, ఉన్నత పాఠశాలలో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటు మూలవేతనం 44,570 రూపాయల దగ్గర మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం దానికి అదనం. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటిస్తే మూడు లక్షలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. ఇంతమంది పోటీపడుతున్న ఉద్యోగాన్ని బతకలేనివాళ్ల ఉద్యోగమని అనడం న్యాయం కాదు. అయితే 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పింఛను విధానం వర్తించదన్న సంగతి, డీఎస్సీ ఏటా రాదన్న సంగతి మీ అమ్మాయి తెలిసే దిగాలి.

మీ ఆడపడుచు గారి మాటలో సగం నిజం ఉంది. సొంత జిల్లాలో పని, పిల్లలతో పాటే సెలవులు, ఊళ్లో గౌరవం అన్నవి ఎన్నో కుటుంబాలలో ఆడపిల్లను చదువు మధ్యలో ఆపకుండా కాపాడిన కారణాలు. ‘టీచరవుతుందిలే’ అన్న ఒక్క ఆశ మీద డిగ్రీ దాకా రాగలిగిన అమ్మాయిలను నేనెరుగుదును. కాని అదే మాట వెనుక ‘ఇంటిపని చేసుకోవడానికి వీలైన ఉద్యోగం’ అన్న లెక్క కూడా ఉంటుంది, అది నాకు సమ్మతం కాదు. నాలుగు గంటలకు బడిగంట కొట్టినంత మాత్రాన టీచరు పని అయిపోదు. దిద్దవలసిన నోటుపుస్తకాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోనులో నింపవలసిన వివరాలు ఇంటిదాకా వస్తాయి. బోధనేతర పనులు అప్పగించకూడదని చెప్పే విద్యాహక్కు చట్టమే జనాభా లెక్కలకు, ఎన్నికలకు, విపత్తు సహాయానికి మినహాయింపు ఇచ్చింది కనుక అవీ తప్పవు. తీరిక కోసం వచ్చేవాళ్లు మొదటి ఏడాదే నిరాశపడతారు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. కొందరిని చిన్ననాడు తమకు చదువు చెప్పిన ఒక మాస్టారో, టీచరమ్మో ఈ దారిలోకి తెచ్చి ఉంటారు. చిన్నపిల్లలు పలక పట్టుకుని మిగతావాళ్లకు పాఠం చెబుతున్నట్టు ఆడుకోవడం మనం చూస్తూనే ఉంటాం. కొందరిది తమకు నచ్చిన సబ్జెక్టును విడిచిపెట్టలేని మమకారం. దళిత, వెనుకబడిన తరగతుల కుటుంబాలు ఎన్నింటిలోనో మొదటి నెలజీతం టీచరు ఉద్యోగం ద్వారానే ఇంట్లోకి వచ్చింది. అన్నను చూసి తమ్ముడు, తమ్ముడిని చూసి పక్కింటి పిల్లవాడు అదే దారి పట్టిన ఊళ్లు మనకు చాలా ఉన్నాయి. సేవాభావంతో వచ్చేవాళ్లూ లేకపోలేదు. ఇవన్నీ నిజమైన కారణాలే, ఏదీ తక్కువది కాదు. అయితే ఇవి మనిషిని బడి గుమ్మం దాకా తీసుకువస్తాయి. లోపలికి వచ్చిన తరువాత ఏళ్ల తరబడి నిలబెట్టేది మరొకటి ఉంది, దాన్ని ఒక ఉదాహరణతో చెబుతాను.

మూడో తరగతి పిల్లవాడికి 52 లోంచి 27 తీసివేయమని ఇస్తే 35 అని రాశాడనుకోండి. తప్పు అని ఎర్రసిరాతో ఇంటూ పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చేయవచ్చు. కాని ఆ 35 ఊరికే వచ్చినది కాదు. రెండులోంచి ఏడు పోదు కనుక, పిల్లవాడు ఏడులోంచి రెండు తీసి ఐదు వేశాడు. అయిదులోంచి రెండు తీసి మూడు వేశాడు. ‘పెద్దదానిలోంచి చిన్నది తీయాలి’ అని మనం కిందటి సంవత్సరం చెప్పిన మాటనే వాడు నమ్మకంగా పాటించాడు. పక్కన కూర్చుని ‘ఎలా చేశావురా, చెప్పు’ అని అడిగితే ఆ దారంతా తనే చూపిస్తాడు. అప్పుడు చీపురు పుల్లలు పదేసి కట్టలుగా కట్టి, ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు చేతికిచ్చి, ఇరవై ఏడు పుల్లలు నాకిమ్మంటే, వాడు రెండు కట్టలు ఇచ్చి, ఉన్న రెండు విడిపుల్లలూ ఇచ్చి, కాసేపు ఆగి, మిగిలిన కట్టల వైపు చూసి, ఎవరూ చెప్పకుండానే ఒక కట్ట తాడు విప్పుతాడు. పదిని అప్పు తెచ్చుకోవడం అంటే ఏమిటో వాడికి తెలిసేది ఆ తాడు విప్పిన క్షణంలోనే. దాన్ని కళ్లారా చూసిన టీచరుకు మరునాడు బడికి వెళ్లడానికి వేరే కారణం అక్కరలేదు.

అందుచేత మీ అమ్మాయి కారణం చెప్పలేకపోతోందని దిగులుపడకండి. కారణాన్ని గడగడా చెప్పేవాళ్లలో చాలామంది పరీక్ష కోసం బట్టీ పట్టినవాళ్లు. ఆమెను వేరే ప్రశ్న అడగండి: పక్కింటి పిల్లవాడు లెక్క తప్పు చేస్తే నీకు విసుగు వస్తుందా, ఆ తప్పు ఎలా చేశాడో తెలుసుకోవాలనిపిస్తుందా? రెండోది అయితే ఈ పని ఆమెది. ఉద్యోగానికి రాజీనామా చేసేముందు, మీ ఊళ్లోని బడిలో ప్రధానోపాధ్యాయుల అనుమతితో కొన్ని శనివారాలు వెనుక బల్ల మీద కూర్చుని, వీలైతే నలుగురైదుగురు పిల్లలకు లెక్కలు చెప్పి చూడమనండి. బి.ఇడి. ఇప్పుడు రెండేళ్ల చదువు, ఆ తరువాత ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్, ఆ తరువాత డీఎస్సీ. ఆ రెండుమూడేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బు ముందే దాచుకోవడం మంచిది. మీవారితో కూడా ఒక మాట చెప్పండి: కూతురు జీతం తగ్గుతుందన్న బెంగ తండ్రికి సహజమే, కాని దాన్ని సామెతగా మార్చి ఆమె ముందు అనకూడదు.

ప్రశ్న: మాస్టారూ, నేను ప్రాథమిక తరగతుల టీచర్లకు శిక్షణ ఇచ్చే డి.ఎల్.ఇడి. డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్న కూలిపని చేస్తారు. ఇంటర్ తరువాత ఇంజనీరింగ్ ఖర్చు భరించలేక, త్వరగా ఉద్యోగం వస్తుందని ఇందులో చేరాను. ‘మీరు ఉపాధ్యాయులు ఎందుకు కావాలనుకుంటున్నారు’ అని కాలేజీలో వ్యాసం రాయమంటే అందరిలాగే సమాజసేవ అని రాశాను. అది అబద్ధం. నేను ఈ వృత్తికి తగనివాడినా?
– ఒక విద్యార్థి, నాగర్‌కర్నూలు జిల్లా

జవాబు: ఇంటిని నిలబెట్టుకోవడానికి ఉద్యోగం కావాలనుకోవడం సిగ్గుపడవలసిన కారణం కాదు. ఆ వ్యాసంలో మీరు ‘మా నాన్న కూలి చేయడం ఆగాలి’ అని రాసి ఉంటే, దానికే నేను ఎక్కువ మార్కులు వేసేవాడిని. 1980లలో నెలకు 398 రూపాయల జీతం మీద స్పెషల్ టీచర్లుగా చేరినవాళ్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా ఉన్నారు. ఏనాటికైనా పర్మనెంటు అవుతుందన్న ఆశే వాళ్లను ఆ జీతానికి ఒప్పించింది. కాని దారి లేని ఊళ్లలో ఒంటరిగా బడి నడిపి, తరగతులన్నింటినీ ఒకే గదిలో కూర్చోబెట్టి చదువు చెప్పినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఇంకా వెనక్కి వెళితే, ఆగస్టు 29న ఎవరి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నామో ఆ గిడుగు రామమూర్తి గారు కూడా తండ్రిని చిన్నతనంలోనే పోగొట్టుకుని, మెట్రిక్యులేషన్ కాగానే 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో టీచరుగా చేరారు. అప్పటికి ఆయనకు ఇంకా పదిహేడేళ్లు. బతుకుతెరువు కోసం చేరిన ఆ ఊరి చుట్టూ ఉన్న కొండల్లో సవరలనే గిరిజనులు ఉండేవారు. వాళ్ల భాష ఎవరికీ పట్టలేదు, ఆయనకు పట్టింది. ఆ భాష నేర్చుకుని, అందులో పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించి, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. పర్లాకిమిడికి వెళ్లేటప్పుడు ఆ పని ఆయన మనసులో ఉండి ఉంటుందని నేను అనుకోను. అక్కడి మనుషులను చూసిన తరువాతే అది ఆయనకు పని అయింది. మీకూ అలాగే జరగవచ్చు, దానికి తొందర లేదు.

అయితే ఒక్క హెచ్చరిక చేయక తప్పదు. ఉద్యోగం కోసం రావడం వేరు, ఉద్యోగం వచ్చాక పిల్లలను అడ్డంకిగా చూడడం వేరు. ఇంటర్న్‌షిప్పులో మీకు అప్పగించిన తరగతిలో అందరికంటె వెనుకబడిన ముగ్గురి పేర్లు, వాళ్లకు ఏ అక్షరం దగ్గర, ఏ లెక్క దగ్గర ఆగిపోతోందో మీకు తెలుసా? తెలియకపోతే ఈ వారమే తెలుసుకోండి. ఆ ముగ్గురితో కూర్చోవడం మీకు భరించలేనంత కష్టంగా అనిపిస్తే, చేరకముందే వేరే దారి చూసుకోవడం మీకూ మంచిది, వాళ్లకూ మంచిది. అలా అనిపించకపోతే చదువు మీద దృష్టి పెట్టండి. ప్రాథమిక తరగతుల పోస్టులకు బి.ఇడి. అర్హత చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిన తరువాత, మీ డి.ఎల్.ఇడి.కి విలువ పెరిగింది.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. నెలజీతం ఇంటి అద్దెకు, పాలకు పోను మిగలదు. వేసవి రెండు నెలలు అదీ ఉండదు. జీతం పెంచమంటే ‘ఇది సేవ అమ్మా, వ్యాపారం కాదు’ అంటారు. అయినా మానలేకపోతున్నాను. నాది పిచ్చితనమా?
– ఒక ఉపాధ్యాయురాలు, విశాఖపట్నం

జవాబు: మానలేకపోవడం పిచ్చితనం కాదమ్మా, మీకు పని మీద ఉన్న ఇష్టం. కాని ఆ ఇష్టాన్ని యజమాని జీతంలో కోతగా లెక్కవేయడం అన్యాయం. తల్లిదండ్రుల దగ్గర ఫీజు వసూలు చేసేటప్పుడు సేవ గుర్తుకు రానివాళ్లు, టీచరుకు జీతం ఇచ్చేటప్పుడు మాత్రం సేవ పేరెత్తడం నేను చాలాచోట్ల విన్నాను, విన్న ప్రతిసారీ బాధపడ్డాను. టీచరుకు పిల్లల మీద ప్రేమ ఉంటే, ఆమె ఇంట్లో పొయ్యి వెలగనక్కరలేదా?

మీ నియామక పత్రం, జీతం బ్యాంకులో జమ అయినట్టు రుజువులు, అనుభవ ధ్రువపత్రం జాగ్రత్త చేసుకోండి. నియామక పత్రం ఇంతవరకు ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. మీకు పండిత శిక్షణ గాని, తెలుగు మెథడాలజీతో బి.ఇడి. గాని ఉంటే, వచ్చే టెట్ తప్పక రాయండి. ఇదివరకే పాసై ఉన్నా సరే రాయండి: 2021లో తీసుకున్న నిర్ణయం ప్రకారం టెట్ అర్హత జీవితకాలం చెల్లుతుంది, కాని డీఎస్సీ ఎంపికలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కనుక, పాత మార్కులు తక్కువైతే మళ్లీ రాసి పెంచుకోవచ్చు. రోజూ పాఠం చెబుతున్న మీకు వ్యాకరణం, ఛందస్సు కొత్తగా చదవవలసిన పని ఉండదు; విద్యా మనోవిజ్ఞానం మీద, బోధన పద్ధతుల మీద సమయం పెట్టండి. వేసవిలో జీతం లేని ఆ రెండు నెలలు దానికే వాడుకోండి.